అట్ట వెనుక చిన్న అక్షరాలు: బ్రెజిల్ సంగీతంలో మరుగునపడ్డ ఆల్బమ్‌లు

1968లో బ్రెజిల్‌లో సీబీఎస్ కంపెనీ ఒక ఎల్‌పీ రికార్డు విడుదల చేసింది. దాని పేరు ‘క్రిష్నాందా’. తెలుగు చెవికి ఆ పేరు ఎక్కడో ఆశ్రమంలో విన్నట్టే ఉంటుంది. పాటల పేర్లు చూస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది: ‘తామరపువ్వు’, ‘నేనెవరు?’, ‘ఒక్కటే’, ‘ద్వంద్వం’. ఆ ఆల్బమ్ చేసిన పెద్రో సాంతోస్ తాళవాద్య కళాకారుడు. తోటి సంగీతకారులు ఆయనను పెద్రో సొరోంగో అనేవారు. వాద్యాలను తన చేత్తోనే తయారుచేసుకునేవారు. ఆఫ్రికా మూలాలున్న డప్పుల మోత, అడవి చప్పుళ్లు, నీటి గలగల, వాటి మీద తేలే తీగవాద్యాలు, మధ్యలో ఆత్మవిచారణ ధోరణిలో సాగే పాట: ఇవన్నీ ఒకే రికార్డులో ఇమిడాయి. అది ఎంత అందంగా ఉందో అంత మౌనంగా కనుమరుగైంది. సొంత పేరుతో పెద్రో సాంతోస్ చేసిన ఆల్బమ్ అదొక్కటే. దశాబ్దాల తర్వాత, బ్రిటన్‌కు చెందిన మిస్టర్ బోంగో అనే చిన్న సంస్థ దాన్ని మళ్లీ అచ్చువేశాక ప్రపంచం వినడం మొదలుపెట్టింది.

బ్రెజిల్ సంగీతమనగానే బయటివారికి ఆంటోనియో కార్లోస్ జోబీమ్, జువావ్ జిల్బెర్టో, వారి మృదువైన బోసా నోవా శైలి గుర్తొస్తాయి. ఇంకొంచెం లోపలికి వెళ్లినవారికి షీకు బువార్కే, కాయెటానో వెలోజో, జిల్బెర్టో జిల్, గాల్ కోస్టా, ఎలీస్ రెజీనా తెలుసు. 1960ల మధ్యలో టెలివిజన్ పాటల పోటీల కాలంలో ‘బ్రెజిల్ జనరంజక సంగీతం’ అనే మాట పొడి అక్షరాలుగా కుదించుకుపోయి ఎంపీబీ అయింది. ఈ మహానుభావుల వెనుక, ముఖ్యంగా 1965 నుంచి 1980 దాకా, వందల సంఖ్యలో ఆల్బమ్‌లు పుట్టి, ఒక్కసారి అచ్చయి, మాయమయ్యాయి. అవి బాగాలేక మరుగునపడ్డాయనుకుంటే పొరపాటు. వాటిని మింగిన కారణాలు చాలావరకు సంగీతానికి బయట ఉన్నాయి. అందుకే వాటిని వెతికి పట్టుకునే దారి కూడా అట్ట మీది ముఖచిత్రంలో దొరకదు. అట్ట తిరగేస్తే కనబడే చిన్న అక్షరాల్లో దొరుకుతుంది.

ముందు ఒక ప్రశ్న. అమ్ముడుపోవని తెలిసీ కంపెనీలు అన్ని విచిత్రమైన రికార్డులు ఎందుకు తీశాయి? పన్నుల చట్టంలో దీనికి ఒక పెద్ద జవాబు ఉంది. 1960ల చివర్లో బ్రెజిల్ ప్రభుత్వం రికార్డు కంపెనీలకు ఒక వెసులుబాటు కల్పించింది. సరుకుల అమ్మకంపై కట్టాల్సిన పన్నులో కొంత భాగాన్ని కట్టకుండా, ఆ డబ్బును దేశీయ సంగీతాన్ని రికార్డు చేయడానికి వాడుకోవచ్చు. అప్పటి రికార్డుల అట్టల మీద కనిపించే ‘రికార్డు అంటే సంస్కృతి’ అనే ముద్ర ఆ కాలపు గుర్తే. విదేశీ పాటలు అమ్మి సంపాదించే కంపెనీలకు కొత్త గొంతులతో ప్రయోగం చేయడం నష్టం లేని పని అయింది. దీనికి ప్రతిష్ఠ లెక్క కూడా తోడైంది. ఫిలిప్స్ బ్రెజిల్ శాఖను నడిపిన ఆంద్రే మిదానీ లాంటి అధికారులు బాగా అమ్ముడయ్యే గాయకుల లాభాలతో, కంపెనీకి గౌరవం తెచ్చే కళాకారులను పోషించారు. ఫలితంగా ఇరవయ్యేళ్లు నిండీ నిండని కుర్రవాడికి కూడా పూర్తిస్థాయి స్టూడియో, దేశంలోని ఉత్తమ వాద్యకారులు, తీగవాద్యాల బృందం దొరికేవి.

రికార్డు చేయడానికి డబ్బు దొరికింది కానీ, దాన్ని జనం దగ్గరికి చేర్చాలనే పట్టుదల ఆ లెక్కలో లేదు. తొలి ముద్రణ అమ్ముడు కాకపోతే రెండో ముద్రణ ఉండదు. రేడియోలో వేయించేవారు ఉండరు. తర్వాత కంపెనీలే చేతులు మారాయి. కాంటినెంటల్ వార్నర్‌లో కలిసింది. ఓడియన్ ఈఎంఐ ద్వారా యూనివర్సల్‌కు చేరింది. అసలు ధ్వనిముద్రణ ఉన్న మాస్టర్ టేపులు ఏ గిడ్డంగిలో ఉన్నాయో, ఎవరి పేరున ఉన్నాయో తేల్చడమే పెద్ద పనిగా మారింది.

ఈ కథకు ఆర్తుర్ వెరొకాయ్ కంటే మంచి ఉదాహరణ లేదు. రియోలో పుట్టిన వెరొకాయ్ సివిల్ ఇంజినీరింగ్ చదివి, మనసు సంగీతంలో ఉండి అటే వెళ్లారు. ఇతర గాయకులకు వాద్యగోష్ఠి కూర్చే అరేంజర్‌గా పేరు తెచ్చుకున్నారు. గాయని సేలియా ఆల్బమ్‌లకు ఆయన చేసిన పని నచ్చి, కాంటినెంటల్ సంస్థ ఆయన సొంత ఆల్బమ్‌కు అవకాశమిచ్చింది. 1972లో వచ్చిన ఆ రికార్డుకు ఆయన పేరే పేరు. మొత్తం నిడివి అరగంట లోపే. అంత చిన్న రికార్డులో ఇరవై తీగవాద్యాల బృందం, జాజ్ ఊదువాద్యాలు, ఎలక్ట్రిక్ గిటార్, మినాస్ ప్రాంతపు పాటల దిగులు, అమెరికా నల్లజాతి సోల్ సంగీతపు లయ ఒకదానిలో ఒకటి కరిగిపోతాయి. మొదటి పాట ‘కబొక్లు’లో గొంతు మొదలయ్యే తీరు చూడండి. పాట అప్పటికే చాలాసేపటి నుంచి సాగుతోందని, వింటున్నవారే ఆలస్యంగా లోపలికి వచ్చారని అనిపిస్తుంది. చివరి పాట ‘కరీనా’కు వచ్చేసరికి పద్ధతైన కూర్పు పోయి స్వేచ్ఛగా విజృంభించే జాజ్ మిగులుతుంది. ఆ అరగంటలో ఒక్క క్షణం వృథా లేదు.

ఆల్బమ్ అమ్ముడుపోలేదు. వెరొకాయ్ ప్రకటనల రంగంలోకి వెళ్లి జింగిల్స్ కూర్చుతూ బతికారు. తన పేరుతో తర్వాతి ఆల్బమ్ రావడానికి 30 ఏళ్లు పట్టింది. ఈలోగా పాత రికార్డు కాపీలు కొన్ని అమెరికా వెళ్లి, పాత రికార్డుల ముక్కలతో కొత్త పాటలు కట్టే హిప్‌హాప్ నిర్మాతల చేతికి చిక్కాయి. లిటిల్ బ్రదర్ బృందం ‘కబొక్లు’ ముక్కను తమ పాటలో వాడుకుంది. ఎంఎఫ్ డూమ్ ‘నా బోక దు సోల్’ అనే పాట మీద తన వాద్య ఖండిక కట్టుకున్నాడు. 2000ల ఆరంభంలో కాలిఫోర్నియాకు చెందిన యుబిక్విటీ సంస్థ ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేసింది. 2009లో లాస్ ఏంజెలెస్‌లో పూర్తి వాద్యబృందంతో వెరొకాయ్ ఆ పాటలను వేదిక మీద వినిపించారు. రికార్డు వచ్చిన 37 ఏళ్లకు! శ్రోతల్లో చాలామంది ఆ రికార్డు వచ్చేనాటికి పుట్టనైనా లేదు.

ఇప్పుడు ఆ రికార్డు అట్ట తిరగేసి, వాద్యకారుల పట్టిక చదవాలి. డ్రమ్స్ వాయించినవారిలో రొబెర్టిన్యో సిల్వా, బేస్ మీద లూయిస్ ఆల్వెస్, పాల్గొన్నవారిలో టొనిన్యో ఓర్టా, శాక్సఫోన్ మీద పాలో మౌరా, ఒబెర్దాన్ మగల్యాయిస్. ఒక్కొక్క పేరూ ఒక్కొక్క తలుపు. ఒబెర్దాన్ నాలుగేళ్ల తర్వాత బాందా బ్లాక్ రియో స్థాపించారు. బ్రెజిల్ వీధి ఉత్సవాల సాంబాను, అమెరికా నల్లజాతి నృత్యసంగీతమైన ఫంక్‌ను కలిపి ఆ బృందం చేసిన 1977 నాటి తొలి ఆల్బమ్ ‘మరియా ఫుమాసా’ ఇప్పటికీ కాళ్లను ఊరికే ఉండనివ్వదు. పాలో మౌరాను పట్టుకుంటే 1976 నాటి ‘కొంఫుజావ్ ఉర్బానా, సుబుర్బానా ఇ హురావ్’ దొరుకుతుంది. నగరపు, శివారు, పల్లె సంగీతాల గందరగోళం అని ఆ పేరుకు అర్థం. ఆ క్లారినెట్ ఈ మూడు చోట్లా తిరిగి వస్తుంది. టొనిన్యో, రొబెర్టిన్యో, లూయిస్ ఆల్వెస్ ముగ్గురూ అదే 1972లో వచ్చిన మరో రికార్డులో కలుస్తారు. అది మిల్టన్ నాసిమెంటో, లో బోర్జెస్ పేర్లతో వచ్చిన ‘క్లూబి ద ఎస్కీనా’, అంటే వీధి మూల క్లబ్బు.

రెండు రికార్డులు, 21 పాటలున్న ఆ ఆల్బమ్‌ను విడుదలైనప్పుడు చాలామంది విమర్శకులు తేలిగ్గా తీసుకున్నారు. 2022లో బ్రెజిల్ సంగీత నిపుణుల అభిప్రాయ సేకరణలో అదే దేశపు అత్యుత్తమ ఆల్బమ్‌గా నిలిచింది. అందుకని ఇవాళ దాన్ని మరుగునపడ్డది అనడం కుదరదు. కానీ దాని నీడలో పడిపోయినవి ఉన్నాయి. అందులో ఒకటి అదే ఏడాది బోర్జెస్ ఒంటరిగా చేసిన ఆల్బమ్. అరిగిపోయిన బూట్ల జత బొమ్మ అట్ట మీద ఉండటంతో జనం దాన్ని ‘బూట్ల రికార్డు’ అంటారు. అప్పటికి ఆయన వయసు 20. కంపెనీ ఒప్పందం చేసుకుంది కానీ చేతిలో పాటలు లేవు. పొద్దున బాణీ కట్టడం, మధ్యాహ్నం అన్న మార్సియో మాటలు రాయడం, రాత్రి స్టూడియోలో రికార్డు చేయడం: అలా పూర్తయింది. పాటలు చాలావరకు రెండు నిమిషాలలోపే తెగిపోతాయి. కొన్ని పూర్తికాని వాక్యాల్లా ఉంటాయి. ఆ అసంపూర్ణత్వమే దాని బలం. ఆ తర్వాత బోర్జెస్ జనం దృష్టి నుంచి తప్పుకున్నారు. మరో సొంత ఆల్బమ్ 1979లో గాని రాలేదు.

క్లూబి వాద్యకారుల్లో నెల్సన్ ఆంజెలో కూడా ఉన్నారు. అప్పటి భార్య, గాయని జాయిస్‌తో కలిసి ఆయన అదే 1972లో ఒక ఆల్బమ్ చేశారు. రెండు గొంతులు, రెండు గిటార్లు ఒకదానికొకటి గుసగుసలు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. జాయిస్ కథలో ఇంకా పెద్ద నష్టం ఉంది. 1977లో న్యూయార్క్‌లో, జోబీమ్‌తో పనిచేసిన జర్మన్ అరేంజర్ క్లాస్ ఓగర్మన్ ఆధ్వర్యంలో ఆమె ఒక ఆల్బమ్ రికార్డు చేశారు. అది బయటికే రాలేదు. ‘నతురేజా’ పేరుతో 2022లో లండన్‌కు చెందిన ఫార్ అవుట్ సంస్థ దాన్ని వెలికితీసింది. అందులో ‘ఫెమినినా’ పాట పదకొండు నిమిషాలు సాగుతుంది. స్త్రీత్వం అంటే ఏమిటని కూతురు తల్లిని అడిగే ఆ పాటను 1980 నాటి కుదించిన రూపంలో విన్నవారికి, దాని అసలు ఊపిరి ఎంత పొడవో తెలియడానికి 45 ఏళ్లు పట్టింది.

అదే క్లూబి ఆల్బమ్‌లో మిల్టన్ పక్కన నిలబడి ఒక పాట పాడిన స్త్రీ అలాయిదె కోస్టా. బోసా నోవా పుట్టిన రోజుల నుంచి ఆ బృందాల మధ్య తిరిగినా, చరిత్ర పుస్తకాల్లో ఆమెకు దక్కిన చోటు చాలా తక్కువ. నల్లజాతి గాయని అంటే ఉత్సాహంగా సాంబా పాడాలని కంపెనీలు ఆశించాయి. ఆమె మాత్రం నెమ్మదిగా, దుఃఖాన్ని తూచి తూచి పాడే పాటలనే ఎంచుకున్నారు. మిల్టన్ చేయూతతో 1976లో వచ్చిన ‘కొరసావ్’ (హృదయం) ఆమె ఆల్బమ్‌లలో మిన్న. రాత్రిపూట, పక్కన ఇంకే చప్పుడూ లేనప్పుడు వినదగింది. బ్రెజిల్ సంగీతంలో అన్యాయంగా మరచిన ఆల్బమ్‌ల పట్టిక ఎవరైనా రాస్తే, వెరొకాయ్ కంటే ముందు దీన్నే రాయాలి. వెరొకాయ్‌ను వెతికి పట్టుకోవడానికి హిప్‌హాప్ లోకం ఉంది. లయ మీద ఆధారపడని ఈ గొంతుకు అలాంటి దళారీ ఎవరూ దొరకలేదు.

కొన్నిసార్లు పేరే రికార్డును దాచేస్తుంది. బాయియా లోపలి ఊరు ఇరరాలో పుట్టిన టోం జే 1968లో ట్రాపికాలియా అనే ప్రయోగశీల కళా ఉద్యమంలో కాయెటానో, జిల్‌లతో సమానంగా నిలిచినవారు. అదే ఏడాది సావో పాలో నగరం మీద రాసిన పాటతో టెలివిజన్ పోటీ గెలిచారు. 1976లో ‘ఎస్తుదాందు ఉ సాంబా’ (సాంబాను చదువుతూ) చేశారు. తెల్లటి అట్ట మీద తాడు, ముళ్లతీగ. పాటల పేర్లు చాలావరకు ఒక్క అక్షరం పలుకు. సాంబాను ఎముకల దాకా విప్పి, మళ్లీ మరోలా అతికించిన పని అది. సాంబా ప్రియులకు అది సాంబాలా అనిపించలేదు, మిగతావారు సాంబా రికార్డని వదిలేశారు. పూట గడవక, సొంత ఊరికి వెళ్లి మేనల్లుడి పెట్రోలు బంకులో పనిచేయాలని టోం జే నిర్ణయించుకున్నారు. అంతలో, 1980ల చివర్లో, రియోలో రికార్డులు కొంటున్న అమెరికన్ గాయకుడు డేవిడ్ బర్న్ సాంబా అనుకుని ఆ రికార్డు కొన్నారు. 1990లో బర్న్ సంస్థ లువాకా బాప్ టోం జే పాటల సంకలనం తెచ్చింది. ఊరికి తిరుగుప్రయాణం ఆగిపోయింది.

అలా అమ్ముడుపోని, రాజీపడని గాయకులను బ్రెజిల్ పత్రికలు ‘మల్దీతోస్’ అని పిలిచాయి: శాపగ్రస్తులు. జార్డ్స్ మకలే, సెర్జియో సాంపాయో, వాల్టర్ ఫ్రాంకో ఆ కోవలోకి వస్తారు. ఫ్రాంకో 1973 ఆల్బమ్ ‘ఓ నావ్’ అట్ట మీద ఖాళీ తెలుపులో ఒకే ఒక ఈగ. కాయెటానో అంతటివాడే అదే ఏడాది ‘అరసా అజూల్’ అనే ప్రయోగం చేస్తే కొన్నవారు పెద్దసంఖ్యలో దుకాణాలకు తిరిగిచ్చేశారు. ఆ ‘శాపం’ మాట గాయకులకు కీర్తిలా కనబడుతుంది గాని, వారి బతుకుకు అది నిజంగానే శాపమైంది.

1964 నుంచి 1985 వరకు సైనిక పాలన. 1968 డిసెంబరు 13న సైనిక ప్రభుత్వం తెచ్చిన, పౌరహక్కులను అణచివేసిన ‘ఐదో శాసనం’తో సెన్సార్ పట్టు బిగిసింది. మిల్టన్ 1973 ఆల్బమ్ ‘మిలాగ్రి దోస్ పెయిషిస్’లో కొన్ని పాటల మాటలను సెన్సార్ కొట్టేస్తే, ఆయన మాటలు లేకుండా గొంతుతోనే పాడారు. నిషేధించిన మాటల స్థానంలో ఆ ఆలాపన ఇప్పటికీ వినబడుతుంది, ఏ మాటా చెప్పలేనంత స్పష్టంగా. గాయకుడు తయిగ్వారాకు ఆ మార్గం కూడా మిగల్లేదు. బ్రెజిల్ ఆదివాసుల టూపీ భాషా పదాలతో పేరుపెట్టిన ‘ఇమీరా, తయీరా, ఇపీ’ 1976లో హెర్మెటో పాస్కల్, వాగ్నర్ టీజో వంటి మహా వాద్యకారుల సహకారంతో తయారైంది. దుకాణాల్లోకి వెళ్లిన 72 గంటల్లో వెనక్కి తీసేశారు. వినే అవకాశమే ఇవ్వకుండా, జనం మరచిపోయారనడం సరికాదు.

ఈశాన్య తీరంలోని రెసిఫె నగరంలో వరద ఆ పని చేసింది. అక్కడి రోజెన్‌బ్లిట్ సంస్థకు సొంత స్టూడియో, సొంత ముద్రణాలయం ఉండేవి. 1973లో లూలా కోర్తెస్, లాయిల్సన్ అక్కడే ‘సత్వ’ అనే వాద్యసంగీత ఆల్బమ్ చేశారు. ఆ పేరుకు తెలుగువారికి అర్థం చెప్పనక్కర్లేదు. తర్వాత కోర్తెస్ జే రమాల్యోతో కలిసి ‘పాయెబిరూ’ మొదలుపెట్టారు. పరయీబా రాష్ట్రంలో ఇంగా అనే చోట ఆదిమ కాలపు చెక్కడాలున్న పెద్ద బండ ఉంది. దాన్ని చూసి పుట్టిన ఆలోచన ఇది. రెండు రికార్డుల నాలుగు ముఖాలకు భూమి, గాలి, నిప్పు, నీరు అని పేర్లు పెట్టారు; మన లెక్కలో ఆకాశం ఒక్కటే తక్కువ. 1975లో కపిబరిబి నది పొంగి కర్మాగారాన్ని ముంచింది. ముద్రించిన 1300 ప్రతుల్లో మిగిలినవి సుమారు 300 అని చెబుతారు. నిప్పు ముఖంలోని గిటార్ రభస, నీటి ముఖంలోని ప్రశాంతత గొప్పవి. భూమి ముఖం మాత్రం కొంత సాగదీత.

ఇక్కడ ఒక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. పాయెబిరూ తొలి ముద్రణ బ్రెజిల్‌లో అత్యంత ఖరీదైన రికార్డుల్లో ఒకటి. అరుదైనది కావడం వేరు, మంచిది కావడం వేరు. బ్రెజిల్‌లో పాత పుస్తకాలు, రికార్డులు అమ్మే దుకాణాన్ని ‘సెబు’ అంటారు. అక్కడ రికార్డుల కోసం వెతకడాన్ని ‘గరింపార్’ అంటారు: నదీగర్భంలో బంగారం కోసం ఇసుక కడిగే పనికి వాడే మాటే. ఆ వేటలో ఉన్నవారికి ఇసుక కూడా మెరిసినట్టే కనిపిస్తుంది. ధర వినబడని చోట కూర్చుని వినడం ఒక్కటే దీనికి మందు. ఇంకో చిక్కు కూడా ఉంది. వెలికితీసిన సంస్థల్లో చాలావరకు లండన్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉన్నాయి. ఏది ‘గొప్పది’ అనే తీర్పు విదేశీ నృత్యశాలల అభిరుచి మీద నడవడం మొదలైంది. అందుకే లయ బలంగా ఉన్న రికార్డులు ముందు బయటపడ్డాయి. పోర్చుగీసు మాటల మీద బతికే పాటలు వెనకబడ్డాయి. బ్రెజిల్‌లోనే ఈ పని చేసినవారికి అందుకే ఎక్కువ గౌరవం దక్కాలి. టిటాంస్ రాక్ బృందపు మాజీ డ్రమ్మర్ చార్ల్స్ గావిన్ కంపెనీల గిడ్డంగుల్లో పడి ఉన్న వందల ఆల్బమ్‌లను మళ్లీ విడుదల చేయించారు. టెలివిజన్ కార్యక్రమం ద్వారా వాటిని తయారుచేసినవారితోనే వాటి కథలు చెప్పించారు. రెసిఫె గాయకుడు డి మెలో 1975లో చేసిన, అప్పటికి ఒకే ఒక ఆల్బమ్ సేకర్తల చేతుల్లో తిరుగుతుండగా, ఆయన చనిపోయారని వదంతి పుట్టింది. ఆయన నిక్షేపంగా ఉన్నారు. ఆయన మీద 2011లో వచ్చిన చిత్రం పేరులో ‘చావులేనివాడు’ అని పెట్టారు. అదే మాట పేరుగా 2016లో ఆయన రెండో ఆల్బమ్ వచ్చింది.

ఇంత వెతుకులాటలో చాలామంది చివరికి చేరే రికార్డు ఒకటుంది. నిజానికి అన్నిటికంటే ముందు వచ్చింది అదే. పెర్నాంబుకో రాష్ట్రంలో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులకు దూరమై, ఊరూరా బ్యాండు మేళాల్లో వాయిస్తూ రియోలోని జాతీయ రేడియోకు చేరిన నల్లజాతి స్వరకర్త మొయాసీర్ సాంతోస్. బాదెన్ పవెల్, నారా లియావ్, పాలో మౌరా ఆయన దగ్గర పాఠం నేర్చుకున్నారు. పైన క్లారినెట్‌తో కనిపించిన మౌరా ఆయనే. 1965లో ఫోర్మా అనే చిన్న సంస్థ ఆయన ఆల్బమ్ ‘కొయిజాస్’ తెచ్చింది. ఆ మాటకు ‘వస్తువులు’ అని అర్థం. పది రచనలకూ నంబర్లే. ఆఫ్రికా దేవతారాధనల తాళాల మీద ఊదువాద్యాలు బరువుగా, తొందర లేకుండా కదులుతాయి. రెండేళ్లకు ఆయన అమెరికా వెళ్లిపోయారు. బ్రెజిల్‌లో ఆల్బమ్ దొరక్కుండా పోయింది. స్వరలిపి కాగితాలు కూడా పోయాయి.

2001లో మారియో అజ్నెట్, జే నొగేరా అనే సంగీతకారులు ‘ఓరు నేగ్రు’ (నల్ల బంగారం) పేరుతో ఆ రచనలను మళ్లీ రికార్డు చేయాలనుకున్నప్పుడు, పాత రికార్డును పదేపదే వింటూ ఒక్కొక్క వాద్యం స్వరాన్ని విడదీసి రాసుకోవాల్సి వచ్చింది. అప్పటికి మొయాసీర్ జీవించే ఉన్నారు. 2005లో ఆ స్వరలిపి పుస్తకాలుగా అచ్చయింది. 2006లో ఆయన కాలిఫోర్నియాలో కన్నుమూశారు. వినాలనుకునేవారికి ‘కొయిజాస్’ ఇప్పుడు సులభంగానే దొరుకుతుంది. దాన్ని రికార్డు మీదున్న వరుసలోనే వినాలి. అది మొదలయ్యేది ఒకటో నంబరుతో కాదు, నాలుగో నంబరుతో.